కంటి కొలత

ముందు చేతికర్ర చప్పుడు. ఆ వెనుక చెప్పు మెట్టుకు రాసుకున్న చప్పుడు. ఆ రెండూ అణగిపోయాక, పెళ్లికి ఆలస్యంగా వచ్చిన చుట్టంలా, ఒక టక్.

మళ్లీ కర్ర. మళ్లీ చెప్పు. మళ్లీ టక్.

నడకల గదిలో కెమెరా అద్దాలు తుడుస్తున్న యువకుడి చేయి ఆగిపోయింది. తలుపు మూసే ఉంది. మనుషులింకా మెట్ల మీదే ఉన్నారు. అయినా వస్తున్నదెవరో అతనికి తెలుసు. రమ్మని ఫోను చేసింది తనే. పిలిచిన మనిషి రాకపోతే బాగుండునని పొద్దుటినుంచి కోరుకుంటున్నదీ తనే.

"లిఫ్టు ఉండగా ఈ మెట్లు దిగడమేమిటి వదినా? ఎవరికి చూపించడానికి?" తలుపు అవతల ఒక గొంతు కసిరింది.

"చూపించడానికి కాదు, వినిపించడానికి," అంది రెండో గొంతు, ఆయాసపడుతూనే. "ఏడు నెలలుగా నేను చెబితే ఎవరూ వినలేదుగా. ఇవాళ దాన్నే చెప్పనీ."

"కాలు కొత్తదైనా మొండితనం మాత్రం పాతదే."

టక్ అంది మోకాలు, అవునన్నట్టు.

ఆస్పత్రి అడుగు అంతస్తులో ఉండేది ఆ గది. గోడలకు పది కెమెరాలు, నడుమ పొడుగాటి నల్లని చాప, దాని చివర చేపట్టుతో మూడంటే మూడు చెక్కమెట్లు. మోకాలు మార్పించుకున్నవాళ్లు అక్కడికి వచ్చి నడిచేవారు, మెట్లెక్కి దిగేవారు. వాళ్ల తుంటి నుంచి మడమ దాకా వెండిరంగు గోళీలు అంటించడం ఆ యువకుడి పని. కెమెరాలు మనిషిని చూడవు, గోళీలనే చూస్తాయి. గోళీలు కదిలిన తీరును బట్టి లోపల ఎముక కదిలిన తీరును కంప్యూటరు గీతలుగా గీసి పెడుతుంది. అందుకే ఆస్పత్రిలో అతన్ని పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ గోళీ అనే పిలిచేవారు. అతనూ పలికేవాడు.

పెద్ద డాక్టరు రెండేళ్లుగా ఒకే ప్రశ్నను పట్టుకుని కూర్చున్నారు. అరిగిన మోకాలిని మార్చేటప్పుడు తొడ ఎముక చివరకు లోహపు తొడుగు, కింది ఎముక నెత్తిన లోహపు పీట, ఆ రెండింటి నడుమ ప్లాస్టిక్ ముక్క అమరుస్తారు. ఆ ముక్క ఏ ఆకారంలో ఉండాలన్నదే ఆ ప్రశ్న. ఒక రకం రెండువైపులా లోతు లేకుండా చదునుగా ఉంటుంది. గదిలో దానికి పళ్లెం అని పేరు. రెండో రకానికి లోపలివైపు లోతైన గుంట ఉంటుంది. అది గిన్నె. పుట్టుకతో వచ్చిన మోకాలు వంగేటప్పుడు దాని లోపలివైపు పాతిన గుంజలా నిలబడుతుంది, బయటివైపు గుంజకు కట్టిన దూడలా దాని చుట్టూ వెనక్కి తిరుగుతుంది. గిన్నెలో గుంజ కదలదు. పళ్లెంలో కొందరికి చుట్టూ ఉన్న నరాలూ కండరాలే గుంజను పట్టి ఉంచుతాయి. కొందరికి ఆ పట్టు చాలక, మెట్టు దిగేటప్పుడు తొడ ఎముక ముందుకు జారుతుంది. అలాగని గిన్నె అందరికీ వరమూ కాదు, బాగా వంచబోతే బిగుసుకుపోతోందన్నవాళ్లూ ఉన్నారు. "ఏది మేలో ముందే తెలిస్తే ఈ గోళీలాట ఎందుకయ్యా?" అనేవారు పెద్ద డాక్టరు.

ఆ ఆటలో నలభై ఒకటో నంబరు పళ్లెం మోకాలిది. బయట మెట్ల మీద టక్కుమంటున్నది అదే.

ఆ మోకాలి గీత పోయినసారి ఎంత అందంగా వచ్చిందంటే, పెద్ద డాక్టరు దాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. బయటివైపు చక్కగా, ఒద్దికగా, పుస్తకంలో గీసినట్టు వెనక్కి తిరుగుతోంది. "పళ్లెంలో కూడా ఇలా తిరుగుతుందంటే ఇంకేం కావాలి?" అన్నారు. ఆ బొమ్మను సభలకు పట్టుకెళ్లారు. తన గదిలో గోడకు తగిలించుకున్నారు.

ఆ మోకాలి సొంతదారు మాత్రం ప్రతి నెలా వచ్చి ఒకటే మాట చెప్పేది. ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడు మాత్రం తనకంటే ముందు తన మోకాలు దిగిపోతోందని. ఆమె బట్టలు కుట్టేది. ఆమె కొట్టు ఒక పాత భవనం పైఅంతస్తులో ఉంది, పద్నాలుగు మెట్లు. నలభై ఏళ్లు ఎక్కి దిగిన ఆ మెట్లు ఇప్పుడు దిగలేక కొట్టుకు తాళం వేసింది. పెద్ద డాక్టరు ఆమెను గోడ దగ్గరికి తీసుకెళ్లి, "చూడండమ్మా, మీ మోకాలు పాఠం చెబుతున్నట్టు నడుస్తోంది," అని చూపించారు. ఆమె చాలాసేపు చూసి, "బొమ్మ బాగుంది డాక్టరుగారూ. మెట్లు దిగేది బొమ్మ కాదుగా," అంది.

గదిలో అందరూ నవ్వారు. ఆ తరువాత ఆమెకు మెట్లావిడ అన్న పేరు పడింది. ఆమె వస్తున్నదంటే, "మెట్లు దాచేయండి, మెట్లావిడ వస్తోంది," అని ఒకరు అనడం, మిగిలినవాళ్లు నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం. ఆ పేరు పెట్టింది మరెవరో అయితే అతని బతుకు కాస్త తేలికయ్యేది. పెట్టింది అతనే.

మూడు రోజుల కిందట అదంతా తిరగబడింది. చివరి నివేదిక కోసం గీతలన్నీ తీసి పెట్టమని పెద్ద డాక్టరు చెప్పారు. ఎవరూ అడగని ఒక గీత ఉంటుంది, మోకాలు పక్కకు ఎంత వాలిందో చెప్పేది. మోకాలు తలుపులాంటిది. ముందుకూ వెనక్కూ ఆడుతుంది, కాస్త తిరుగుతుంది, పక్కకు మాత్రం వాలదు. నలభై ఒకటో నంబరు పక్కకు పదహారు డిగ్రీలు వాలినట్టు ఉంది. మోకాలు అంత వాలితే మనిషి నడవదు, కూలుతుంది. ఆమె కూలలేదు. మరి కూలింది ఏమిటి?

కొలత.

మోకాలికి రెండు పక్కలా రెండు ఎముక బుడిపెలు ఉంటాయి. మోకాలిని ఎడమచేత్తో పట్టుకుని, వంచి చాచుతూ, కుడిచేతి వేళ్లతో వెతికితే అవి చర్మం కింద దొరుకుతాయి. గోళీలు సరిగ్గా వాటి మీద కూర్చోవాలి. వేలెడు వెనక్కి జరిగితే, మోకాలు మామూలుగా వంగడమే కంప్యూటరుకు మెలికలా, వాలులా కనిపిస్తుంది. లేని తిరుగుడు ఉన్నట్టు గీస్తుంది. అందంగా గీస్తుంది.

ఆ రోజు అతను వెతకలేదు. ఆమె బల్ల మీద పడుకుని కాలు చాపింది. మోకాలి నిడివినా ఎర్రగా, పురికొసలా ఉబ్బిన గాటు. దాని కింది కొసన ఎండీ ఎండని పసుపుపచ్చటి చెమ్మ. మందు వాసన. చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "కదలకండమ్మా," అని, దూరం నుంచే చూపుతో ఒక అంచనా వేసి గోళీలు అంటించేశాడు. పెద్దావిడ కదా, కాలు పట్టుకుని వంచడం మర్యాద కాదని అనుకున్నాడు. అలా అనుకున్నది గోళీలు అంటించాక. మర్యాద తరువాత పుట్టింది, ముందు పుట్టింది వేరొకటి. ఆ సంగతి మూడు రోజులుగా అన్నం ముద్దతో పాటు గొంతులో అడ్డం పడుతోంది.

ఎవరితోనూ చెప్పలేదు. ఇవాళ పదకొండు గంటలకు పెద్ద డాక్టరు ఆమెకు చివరి కాగితం ఇవ్వబోతున్నారు: మోకాలు సక్రమంగా ఉంది, ఇకమీదట రానక్కరలేదు, భయానికి మనసు వైద్యుణ్ణి కలవండి. ఆ కాగితం చేతిలో పడితే ఆమె మాటకు ఈ ఆస్పత్రిలో తలుపు మూసుకున్నట్టే, ఆమె కొట్టు తలుపు తెరుచుకోనట్టే. అందుకని అతను పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగే ఉపాయం ఒకటి ఆలోచించాడు. తొమ్మిదింటికే ఆమెను పిలిపించి, మళ్లీ కొలిచి, పాత గీత తీసేసి కొత్తది పెట్టేస్తే? ఆమెకు న్యాయం జరుగుతుంది. అతని పరువూ దక్కుతుంది. ఫోనులో ఆమెతో, "ఏమీ లేదమ్మా, కాగితాల కోసం ఒక చిన్న కొలత," అన్నాడు. ఆ అబద్ధం ఎంత సునాయాసంగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. ముందు కర్ర, ఆ వెనుక ఆమె, ఆమె వెనుక చేతిసంచితో ఆడపడుచు.

"రండమ్మా," అన్నాడు నేలవైపు చూస్తూ.

"వచ్చాం నాయనా. పదహారు మెట్లు. నీకెన్ని టక్కులు వినబడ్డాయి?"

"లెక్కపెట్టలేదమ్మా."

"నేను పెట్టాను. పన్నెండు."

"మిగతా నాలుగూ నన్ను తిట్టడానికి ఆగినప్పటివి," అంది ఆడపడుచు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "బాబూ, ఇక్కడ మంచినీళ్లు ఇస్తారా, లేక వాటినీ కొలిచే ఇస్తారా?"

అతను నీళ్లిచ్చాడు. నవ్వలేదు. నవ్వే హక్కు తనకు లేదనిపించింది.

ఆమె తెర వెనుక బట్టలు మార్చుకుని వచ్చి బల్ల మీద పడుకుంది. గాటు ఇప్పుడు తెల్లబడి పలచగా ఉంది. అతను చేతులు రుద్ది వేడిచేసుకుని ఆమె మోకాలిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. వంచాడు, చాచాడు. కుడిచేతి వేళ్లు చర్మం మీద నెమ్మదిగా వెతికాయి. బయటి బుడిపె దొరికింది. కిందటిసారి గోళీ పెట్టిన చోటికి చాలా ముందుంది. నిండుగా ఒక వేలెడు.

"ఈసారి చేత్తో వెతుకుతున్నావే," అంది ఆమె, పైకప్పు కేసి చూస్తూ.

అతని వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏమిటమ్మా?"

"కిందటిసారి కంటితోనే కొలిచేశావుగా. నలభై ఏళ్లు కొలతలు తీశాను నాయనా. ఒంటి మీద టేపు పెట్టి తీసిందేదో, దూరంనుంచి చూసి వేసిందేదో నాకు తెలియదా? కంటి కొలతతో కుట్టిన చొక్కా తొడుక్కున్నప్పుడు బాగానే ఉంటుంది. చేయెత్తితేనే చంకలో పట్టేస్తుంది."

"మరి... మరి అప్పుడే ఎందుకు అడగలేదమ్మా?"

ఆమె చూపు పైకప్పు నుంచి తన కాలి మీదికి దిగింది.

"ఏమని అడగను? నా కాలి వంక ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నావు. చిన్నవాడివి, అసహ్యం వేసి ఉంటుందిలే అనుకున్నాను. ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నాను. నిజమే, ఎవరైనా ముట్టుకునేలా లేదు. ఆ తరువాత మా ఆడపడుచును కూడా నూనె రాయనివ్వలేదు."

"ఓహో, అదా సంగతి," అంది ఆడపడుచు కుర్చీలోంచి. "నాతో మాత్రం నా చేతుల్లో పస లేదంది. ఏడు నెలలు ఆ మాట నమ్మి చేతులు చూసుకుంటున్నాను."

"ఉన్నమాటేగా అది."

"నీ కాలు సంగతి తేలనీ, నీ నోటి సంగతి అప్పుడు చూస్తాను."

వాళ్లిద్దరూ నవ్వారు. ఆ నవ్వు అతనికి సూదిలా దిగింది. మూడు రోజులుగా అతను సిగ్గుపడింది తప్పు కొలతకు. ఆ కొలత ఒక్క గీతను మాత్రమే చెడగొట్టిందనుకున్నాడు. తను తిప్పుకున్న మొహం ఒక మనిషితో పాటు ఇంటికి వెళ్లిందనీ, అద్దంలో నిలబడిందనీ, ఇన్నాళ్లూ ఆమె కాలిని ఆమెకే చూపించకుండా దాచిందనీ అతనికి తెలియదు. తలెత్తలేకపోయాడు. మోకాలిని పట్టుకున్న చేయి మాత్రం వదల్లేదు. ఇప్పుడు వదిలితే మళ్లీ అదే అర్థమవుతుందని భయం వేసింది.

గోళీలు అంటించాడు. ఆమె నడిచింది. చెక్కమెట్లు ఎక్కింది, చేపట్టు పట్టుకుని దిగింది. మూడు మెట్లు, మూడు టక్కులు. కంప్యూటరు మీద కొత్త గీత మెల్లగా పాక్కుంటూ వచ్చింది. పక్కవాలు గీత నీటిమట్టంలా చదునుగా ఉంది. కొలత సరైనదే. తిరుగుడు గీత మాత్రం పుస్తకంలో బొమ్మలా లేదు. వెనక్కి తిరగవలసిన బయటివైపు కదలక మొరాయించి, మెట్టు దిగే మధ్యలో ఎదురు తిరుగుతోంది. గుంజ పట్టు తప్పిందన్నమాట. ఆమె ఏడు నెలలుగా ఏం చెబుతోందో గీత ఇప్పుడు అదే చెబుతోంది.

"వచ్చిందా బొమ్మ?" అంది ఆమె.

"వచ్చిందమ్మా."

"ఇదీ బాగుందా?"

"బాగాలేదమ్మా," అన్నాడు. ఆ గదిలో ఆమెతో అతను చెప్పిన మొదటి నిజం అది.

ఆమె బట్టలు మార్చుకోవడానికి తెర వెనక్కి వెళ్లింది, ఆడపడుచు సాయంగా వెళ్లింది. సరిగ్గా అప్పుడే వ్యాయామాలు నేర్పే అక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. అతనికంటే పదేళ్లు పెద్దది, ఈ గదికి పెద్దదిక్కు. చేతిలో కాగితాల కట్ట.

"ఒరేయ్ గోళీ, మెట్లావిడ మెట్ల మీద కనబడిందట. పదకొండింటికి రావలసిన మనిషికి తొమ్మిదింటికి ఇక్కడేం పని?"

అతను సైగ చేయబోయాడు. అక్క అప్పటికే కంప్యూటరు మీది గీతలను చూసేసింది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉన్నాయి. పదేళ్లుగా మోకాళ్లతోనే పనిచేస్తున్న మనిషి. రెండు రెప్పపాట్లు చాలాయి. తలుపు దగ్గరికి వెళ్లి గడియ వేసి వచ్చింది.

"బుడిపె చూసుకోలేదు కదూ?" గొంతు తగ్గించి అడిగింది.

తల ఊపాడు.

"తెలివిమాలినవాడా. సరే, అయిందేదో అయింది. పెద్ద డాక్టరు కిందికి వస్తున్నారు. కెమెరా అమరిక ఆ వారం తప్పిందని చెబుతాను. నువ్వు నోరు మెదపకు. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కూడా కాలేదు."

"అక్కా..."

"ఆవిడకు జరగవలసింది ఎలాగూ జరుగుతుంది. కెమెరా తప్పయితే కెమెరా ఏమన్నా ఏడుస్తుందా?"

తెర వెనుక కర్ర నేలకు తగిలిన చప్పుడయింది. అక్క ఉలిక్కిపడి అటు చూసింది. తెర గుడ్డదే కదా. గుడ్డ చాటున ఏం వినబడుతుందో, ఏం వినబడదో, గుడ్డతోనే బతుకు గడిపిన ఆ మనిషికి తెలియదా?

తెర జరిగింది. ఆమె బయటికి వచ్చి, అక్క వంక గానీ అతని వంక గానీ చూడకుండా, కుర్చీలో కూర్చుని కర్రను ఒళ్లో పెట్టుకుంది. అంతలో తలుపు తట్టారు. అక్క గడియ తీసింది.

పెద్ద డాక్టరు పొడుగాటి మనిషి, తొందర మనిషి. లోపలికి వస్తూనే, "ఏమిటి, అందరూ ఇక్కడే ఉన్నారు?" అన్నారు. అక్క చెప్పడం మొదలుపెట్టింది. కెమెరా అంది, అమరిక అంది, అనుమానం వచ్చి మళ్లీ కొలిపించామంది. ఎంత నున్నగా చెప్పిందంటే, అతనికే ఒక క్షణం కెమెరా మీద కోపం వచ్చింది. పెద్ద డాక్టరు కళ్లజోడు నుదుటికి ఎత్తుకుని రెండు గీతలనూ చూశారు. మొహంలో రంగు దిగిపోయింది. గోడకు తగిలించుకున్న బొమ్మ గుర్తొచ్చి ఉంటుంది. చివరికి ఆమె వైపు తిరిగారు.

"అమ్మా, మీరు చెప్పింది నిజం. నేనే వినలేదు."

"వినకపోలేదు డాక్టరుగారూ. నన్ను కాకుండా బొమ్మను విన్నారు."

ఆయన ఆ మాటను మింగారు. "ఇవాళ ఆ కాగితం ఇవ్వను. కదులుతుండగా ఎక్స్‌రే తీయిస్తాను. లోపల జారుతున్నది ఖాయమైతే మొత్తం మోకాలు తీయక్కరలేదు, నడుమ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే మార్చవచ్చు. మార్చినా అంతా సర్దుకుంటుందని మాత్రం మాటివ్వలేను." ఆగి, కాస్త నొచ్చుకుంటూ అన్నారు: "యంత్రం చేసిన తప్పమ్మా ఇది. మనుషులెవరి తప్పూ కాదు."

"యంత్రానికి సిగ్గుండదు కాబట్టి బతికిపోయింది," అంది ఆడపడుచు.

కుట్టుపనావిడకు అంతా తెలుసు. ఒక్క మాట చాలు, గది గదంతా అతని మీద విరుచుకుపడేది. ఆ మాట ఆమె అనలేదు. కర్ర మీద చేతులు పెట్టుకుని, బట్ట ముందు కూర్చుని కత్తెర వేసే ముందు చూసినట్టు, నెమ్మదిగా అతని వంక చూసింది. తిట్టే చూపు కాదది. కాపాడే చూపూ కాదు. తేల్చుకోవలసింది నువ్వే అన్నట్టు ఉంది.

అక్క చెప్పిన దారి నున్నగా ముందుంది. ఆమెకు ఎక్స్‌రే వస్తుంది. అతనికి ఉద్యోగం ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. నష్టం లేదని తనకు తాను చెప్పుకుంటుండగానే, కిందటిసారి ఇదే బల్ల దగ్గర మర్యాద అని చెప్పుకున్న గొంతు ఇదేనని అతను గుర్తుపట్టాడు.

"కెమెరా తప్పితే," అంటున్నారు పెద్ద డాక్టరు, వేళ్లు లెక్కపెట్టుకుంటూ, "ఆ వారం కొలిచినవాళ్లందరి కొలతలూ పనికిరావు. పదకొండుమంది. అందరినీ మళ్లీ పిలవాలి. వాళ్లలో ఇద్దరు..."

"కెమెరా కాదు సార్."

అతని గొంతు అతనికే పరాయిగా వినబడింది. అక్క కళ్లు మూసుకుంది.

"ఏమిటీ?"

"కెమెరా సరిగానే ఉంది సార్. గోళీ నేను తప్పు చోట పెట్టాను. బుడిపె చేత్తో వెతకలేదు, చూపుతో అంచనా వేసి పెట్టాను." ఊపిరి తీసుకున్నాడు. ఇంకొక్కటి మిగిలి ఉంది, అదే గొంతు దాటడం కష్టం. "గాటు చూసి... ముట్టుకోవాలనిపించలేదు సార్. అందుకు."

అతని మొహం మండిపోతోంది. నేల వైపు చూడాలని ఉంది. చూడలేదు. ఆమె వైపు తిరిగాడు.

"మెట్లావిడ అన్న పేరు పెట్టింది కూడా నేనేనమ్మా."

"తెలుసు," అంది ఆమె. "మొదటిసారి పలికినప్పుడు ఆ తలుపు తీసే ఉంది."

పెద్ద డాక్టరు బల్ల అంచున కూర్చున్నారు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని అడిగారు: "ఇదొక్కటేనా?"

ఒక్కటే అనాలని అతని నాలుక తొందరపడింది. ఒక్కటే అంటే ఎవరూ కాదనరు. ఒక తప్పు అంటే పొరపాటు. అంతకుమించితే దానికి వేరే పేరు ఉంది. అతను మూడు రోజులుగా తనలో తాను కూడా లెక్కపెట్టకుండా దాటేసిన లెక్క అది.

"ముగ్గురివి సార్. ఇరవై మూడు, నలభై ఒకటి, యాభై. ఇరవై మూడో ఆయన కాలికి చర్మం పొలుసులుగా ఉంది. యాభైవ ఆవిడ కాలు బాగా వాచి ఉంది."

"ఒరేయ్," అంది అక్క, ఊపిరి వదిలినంత మెల్లగా. ఆ మాటలో కోపం లేదు, ఇంతకాలం పక్కనే ఉండి చూడలేదన్న నొప్పి ఉంది.

"పదకొండుమంది కాదు, ముగ్గురు," అన్నారు పెద్ద డాక్టరు తనలో తాను. "రెండేళ్ల పని. ఆ బొమ్మ పట్టుకుని ఎన్ని సభలు తిరిగానో." ఆయన గొంతులో అరుపు లేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. "ఆ ముగ్గురినీ నువ్వే పిలవాలి. ఎందుకు పిలుస్తున్నావో నువ్వే చెప్పాలి. నీ ఉద్యోగం గురించి పైవాళ్లు ఏమంటారో నేను చెప్పలేను."

"చెబుతాను సార్."

"ఫోనులో కాదు, ఎదురుగా చెప్పు," అంది ఆమె కుర్చీలోంచి. "ఫోనులో నీకు అబద్ధాలు బాగా వస్తాయి."

ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను తలవంచాడు. అంత సూటిగా తగిలిన మాట అతని జీవితంలో మరొకటి లేదు.

పెద్ద డాక్టరు అక్క చేతిలోంచి ఒక తెల్లకాగితం తీసుకుని, నిలబడే రాయడం మొదలుపెట్టారు. నలభై ఒకటో నంబరు కొలత రద్దు. కారణం ఇది. సరిచేసిన కొలత ఇది. ఇవాళ్టి తేదీ. కలం సాఫీగా నాలుగు వరుసలు నడిచి, అయిదో వరుసలో ఆగిపోయింది. ఆయన తలెత్తి అతని వంక చూశారు. ఏదో అడగబోయి, అడగడానికి మొహమాటపడ్డారు. అక్క వైపు చూశారు. అక్క కూడా అతని వైపే చూస్తోంది, ఇంట్లో ఎప్పుడూ ఉన్న వస్తువు ఏ రంగుదో హఠాత్తుగా గుర్తురానట్టు.

"రెండేళ్లుగా ఇక్కడే ఉన్నావు," అన్నారు పెద్ద డాక్టరు. ఇప్పుడు సిగ్గు ఆయన గొంతులో ఉంది. "కాగితం మీద గోళీ అని రాయలేనుగా. నీ పేరేమిటి?"

ఆ పిలుపులో ఇన్నాళ్లూ ఎంత సుఖంగా దాక్కున్నాడో అతనికి అప్పుడు తెలిసింది. గోళీ చేసిన తప్పు దొర్లిపోతుంది, ఎవరి కాళ్ల కిందికో పోతుంది, నవ్వుకుని మరిచిపోవచ్చు. తనకు పెట్టిన తాతగారి పేరు అలా దొర్లదు. అతను నోరు తెరిచాడు. ఏదో అన్నాడు గానీ అది పెదవులు దాటలేదు.

"వినబడలేదు బాబూ," అంది ఆడపడుచు, ఈసారి ఎగతాళి లేకుండా.

కుట్టుపనావిడ కర్ర ఊతగా లేచి నిలబడింది. టక్ అంది మోకాలు. అతను ఆమె మొహంలోకి చూశాడు, మళ్లీ తిప్పుకోకుండా చూశాడు, గదిలో ఉన్న అందరికీ వినబడేలా అన్నాడు:

"భానుమూర్తి."